ఏడు ట్రాక్టర్ల గోడమట్టి

మా నాన్న మట్టిని నాలుక మీద పెట్టుకుని చూసేవాడు. ఊళ్ళో ఎవరి పాత గోడ కూలినా, ఎవరు ఇల్లు విప్పుతున్నా ఆ కబురు ఆయనకే ముందు అందేది. వెళ్ళి గోడ అడుగున గొంతుకూర్చుని, చిటికెడు మట్టి గిల్లి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఉప్పగా తగిలితే తల ఊపేవాడు. చప్పగా ఉంటే తుపుక్కున ఉమ్మేసి ఇంటికి వచ్చేసేవాడు. నేనూ వెంటపడి వెళ్ళి గిల్లుకుని తినేదాన్ని. అమ్మ తిట్టేది. నాన్న మాత్రం, "తిననీయే, రేపు దాని సంసారానికి అక్కరకొస్తాది," అనేవాడు. అది ఎలా అక్కరకు వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా పుట్టిల్లు పాతపట్నం దగ్గర. అక్కడ ఎండాకాలం వస్తే రైతులకి ఈ మట్టి తోలుకోవడమే పని. తరాల తరబడి మనుషులూ పశువులూ ఒక్క చూరు కింద బతికిన గోడలవి. పొయ్యి పొగ, పశువుల మూత్రం, పేడ అలుకు, పొయ్యిలోని బూడిద, అన్నీ ఆ గోడల్లోకి ఇంకి ఉండేవి. ఆ మట్టిని పాటిమట్టి అంటారు. దాన్ని ఎడ్లబండి మీద తోలి ఆకుమడిలో, అంటే వరినారు పోసే మడిలో, చల్లితే ఆకు నల్లగా లేచేది. దాని ముందు బస్తా ఎరువు ఎందుకూ పనికిరాదని నాన్న అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. నా కళ్ళతో చూశాను.

ఆ రోజుల్లో ఇల్లు తీసెయ్యడం అంటే పది పన్నెండు రోజుల పని. ముందు పెంకులు దించి వరసలుగా పేర్చేవాళ్ళు. తర్వాత వాసాలు, దూలాలు, ద్వారబంధాలు. పెంకులు ఒకరి పశువుల శాలకి, వాసాలు ఇంకొకరి పాకకి, గుమ్మం కొత్త ఇంటికి. చివరికి మిగిలిన గోడలు మా నాన్నలాంటి వాళ్ళకి. ఆ ఇంటి జాగాలో చీపురుతో తుడిస్తే ఎత్తి పారెయ్యడానికి దోసెడు చెత్త కూడా ఉండేది కాదు. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. అలా కాక ఇంకోలా ఉంటుందని ఎవరికీ తెలియదు.

నన్ను విజయనగరం జిల్లాలో, వాగు ఒడ్డున, మా మాటలో గెడ్డ ఒడ్డున ఉన్న ఊరికి ఇచ్చారు. మా ఆయన నెమ్మదస్తుడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా మరిది చెన్నైలో అపార్టుమెంట్లు కట్టే పనిలో ఉంటాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. అతని భార్య, నా తోటికోడలు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మా వైపు అక్కని అప్ప అంటారు. ఆమె ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజునుంచీ నన్ను అప్పా అనే పిలుస్తుంది. పొలం ఇప్పటికీ పంచుకోలేదు. ఇంటి ముందు గోర్జి, అంటే సందు, దాటితే గెడ్డ పక్కన ఎకరం పల్లం, కాస్త మెట్ట. ఆ పల్లమే మా నాలుగు నోళ్ళకీ తిండి.

నా తోటికోడలి గురించి ముందు ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో ఉభాలకి, అంటే వరినాట్లకి, దిగిన ఆడవాళ్ళలో ఆమెను మించిన మనిషి లేదు. నాటేటప్పుడు వెనక్కి వెనక్కి నడవాలి కదా, మేమంతా ఆయాసపడుతూ ఉంటే ఆమె అటు గట్టుకి ఆనుకుని, నడుం మీద చెయ్యేసుకుని, "రండర్రా, పొద్దుగూకినాది," అని వెక్కిరించేది. నాటుతూనే పాడేది, పాడుతూనే ఎవరో ఒకరిని ఆటపట్టించేది. మనిషి కాస్త లావు. ముప్పై అయిదేళ్ళకే షుగర్ వచ్చింది. మాత్రలు వేసుకునేది, గుర్తున్నప్పుడు. అరికాళ్ళు మొద్దుబారాయని అప్పుడప్పుడు అనేది. ముల్లు గుచ్చుకున్నా తెలియడం లేదు, బాగానే ఉంది అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం.

రెండేళ్ళ కిందటి ఎండాకాలం, మాకు దగ్గరి టౌన్లో రోడ్డు వెడల్పు చేస్తూ అటూ ఇటూ పాత ఇళ్ళు తీసేస్తున్నారు. మా ఊరి ట్రాక్టరు అబ్బాయి ఒకడు, వరసకి మరిది అవుతాడు, ఆ మట్టి తోలడానికి కుదిరాడు. ఒకరోజు ఉదయం బండి మా గోర్జిలో ఆపి కేకేశాడు.

"వదినా, గోడమట్టి కావాలేటి? టౌన్లో పోసుకోడానికి జాగా నేదు. గెడ్డలో పోస్తే కేసు రాస్తామంటన్నారు. అడిగినోళ్ళకి ఊరికే పోసీస్తన్నాను."

గోడమట్టి అన్న మాట వినగానే నా ఒళ్ళు పులకరించింది. ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్ళాను. ట్రాక్టరు వెనక ట్రక్కు నిండా ఎర్రగా, గడ్డలు గడ్డలుగా, లోపల వరిగడ్డి పీచు కనపడుతూ ఉంది.

"ఎప్పటి ఇల్లురా ఇది?"

"ఆళ్ళ తాతలనాటిదంట వదినా. ముందరి గదులన్నీ మట్టిగోడలే."

ఒక గడ్డ చిదిపి, చిటికెడు నోట్లో వేసుకున్నాను. ఉప్పగా తగిలింది. నాన్న నోట్లో తగిలిన ఉప్పే అది. చచ్చిపోయిన మనిషి పక్కన నిలబడి భుజం తట్టినట్టయింది. తల ఊపాను.

"ఎన్నుంటే అన్ని తోలీ. గెడ్డ పక్క మడిలో పోసీ."

మా ఆయన అరుగు మీద చుట్ట చుట్టుకుంటూ అంతా చూస్తున్నాడు. "ఒకటి రెండు లోడ్లు పోయించి, జల్లెడ పట్టి సూద్దుమే. తర్వాత మిగతాది సూసుకోవచ్చు," అన్నాడు.

"మట్టికి జల్లెడేటి? మా నాయిన పట్టినాడేటి జల్లెడ? మీ ఇంట్లో వాళ్ళు గాలిని కూడా వడపోసుకుని పీలుస్తారు," అన్నాను. పక్కన బియ్యం ఏరుతున్న నా తోటికోడలు చేట కింద పెట్టి మరీ నవ్వింది. "బావా, అప్ప నోట్లో జల్లెడున్నాది. ఆవిడ నాకి సూసీసినాక ఇంక సూసీదేటి," అంది. మా ఆయన కూడా నవ్వి ఊరుకున్నాడు. వానలు దగ్గర పడుతున్నాయి, ఆలస్యం చేస్తే మట్టి ఇంకొకడికి పోతుంది. నాకు ఉన్న తొందర అదొక్కటే.

ఒక్క ట్రాక్టరు రుచి చూసి ఏడు ట్రాక్టర్లకి తల ఊపాను. ఇప్పటికీ ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఆ ఇంటి సంగతి తర్వాత తెలిసింది. ముందు వైపు నాలుగు గదులు పాతవే, మట్టిగోడలే. వెనక వైపు కొడుకులు స్లాబు వేసి కట్టుకున్నారు. అద్దాల కిటికీలు, వంటింట్లో టైల్స్, స్నానాలగదిలో టైల్స్, గోడలకి పుట్టీ, పైకప్పు కింద తెల్లటి సీలింగు షీట్లు. జేసీబీ ఒక పూటలో ముందూ వెనకా కలిపి నేల మట్టం చేసింది. ఇనప చువ్వలు పాత సామాన్ల వాళ్ళు లాక్కుపోయారు. తలుపులు కర్ర అడితీ వాడు పట్టుకుపోయాడు. మిగిలింది ఎవరికీ అక్కర్లేనిది. దాన్ని బకెట్టుతో ఎత్తి ట్రక్కుల్లో వేశారు. మొదటి ట్రక్కు ముందు గదులది. మిగతా ఆరింటిలో ఏముందో ట్రాక్టరు అబ్బాయీ చూడలేదు, నేనూ చూడలేదు. అతనికి పోసుకోవడానికి జాగా దొరికింది, నాకు మట్టి దొరికింది.

మడిలో పోసిన మట్టిని బ్లేడుతో చదును చేశారు. రెండు వానలు పడ్డాక పైన తెల్లతెల్లగా ఏవో పొడలు తేలాయి. సున్నం కాబోలనుకున్నాను. గోడకి కొట్టిన సున్నం మడికి మంచిదేలే అనుకున్నాను. మా ఆయన రెండు సీసా పెంకులు ఏరి గట్టు మీద పెట్టి నా వైపు చూశాడు. నేను చూడనట్టే తల తిప్పుకున్నాను. తర్వాత దమ్ముకి రోటవేటరు దిగింది. పెద్ద పెంకుల్ని చిన్న పెంకులు చేసి, చిన్న పెంకుల్ని బురద అడుగుకంటా కలిపేసింది. ఇక ఆ మడిలో ఏది మట్టో ఏది గోడో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు.

ఉభాలకి కూలికి వచ్చిన ఆడవాళ్ళు పదిమంది. దిగి అరగంట కాలేదు, ఒకామె కెవ్వుమని కాలు ఎత్తింది. తర్వాత ఇంకొకామె. ఒకరి తర్వాత ఒకరు గట్టెక్కి కూర్చుని అరికాళ్ళు తిప్పి చూసుకుంటున్నారు. వాళ్ళలో పెద్దావిడ కాలి నుంచి గాజు ముక్క లాగి నా ముందు విసిరింది.

"ఓలమ్మ, ఇది మడేటి, సీసాల కొట్టేటి? మేం దిగం. మాకు కాళ్ళే బతుకు."

ఆమె అన్నది న్యాయం. న్యాయమైన మాట అన్నందుకే నాకు ఒళ్ళు మండింది. "ఎలిపోండి. కూలికొచ్చినోళ్ళకి ఇన్ని వొయ్యారాలా," అని అరిచాను. వాళ్ళు వెళ్ళిపోయారు. కట్టలు కట్టిన ఆకు మడి నిండా తేలుతూ ఉంది. పీకిన ఆకు రెండు మూడు రోజుల్లో నాటకపోతే కుళ్ళిపోతుంది, ఆకుమడిలో మిగిలింది ముదిరిపోతుంది. నేను గట్టు మీద కూలబడ్డాను. నా తోటికోడలు చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంటూ మడిలోకి దిగింది.

"పోనీలే అప్పా. మనిద్దరం ఉన్నాం కాదేటి. నాలుగు రోజులు వంగుంటే అయిపోతాది."

బురదలో చెప్పులు నిలవవు, బూట్లు దిగబడిపోతాయి. ఉభాలంటే వట్టి కాళ్ళే. నేను అడుగు వేసేముందు బొటనవేలితో వెతుక్కుని వేసేదాన్ని. అయినా తెగేవి. ఆమె మాత్రం ఎప్పటిలాగే వెనక్కి వెనక్కి చకచకా నడిచిపోయేది. "నీకు గుచ్చుకోడం నేదేటే?" అంటే, "నా కాళ్ళంటే గాజుకి భయమప్పా," అనేది. నేను నిజంగానే అనుకున్నాను, ఆమె అదృష్టవంతురాలని.

రెండో రోజు సాయంత్రం బోరు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాం. ఆమె ఎడమ మడమలో తెల్లగా ఏదో కనపడింది. వంగి చూస్తే టైల్ ముక్క, అంచున నీలం పువ్వు రెక్క కూడా ఉంది. వేలెడు లోతుకి దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆమెకి తెలియదు. నేనే గట్టిగా పట్టుకుని లాగాను. నెత్తురు కొంచెమే వచ్చింది. ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూసి ఆమె పకపకా నవ్వింది. "సూడప్పా, ఎవులిదో బాత్రూమ్ నాతో ఇంటికొచ్చీసినాది."

"నొప్పిగా ఉన్నాదేటే?"

"నేదు."

నొప్పి లేదంటే మంచిదే అనుకున్నాను. పసుపు, కొబ్బరినూనె పెట్టి గుడ్డ కట్టాను. మర్నాడు ఆ గుడ్డతోనే మడిలోకి దిగింది. ఇంట్లో ఉండమని నేను అనలేదు. అనాలని తోచలేదని చెబితే అబద్ధం. తోచింది. ఇంకా సగం మడి మిగిలి ఉంది, అందుకని అనలేదు.

నాలుగో రోజుకి పాదం బూరెలా పొంగింది. ఊళ్ళో సూదిమందు వేసే అతను సూది వేశాడు. అయిదో రోజు గుడ్డ విప్పితే వచ్చిన వాసనకి నేను ఇవతలికి వచ్చి వాంతి చేసుకున్నాను. అప్పుడు ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు కుర్రవాడు, ఓపిగ్గానే చెప్పాడు. షుగర్ వల్ల కాలికి స్పర్శ పోయిందట, లోపల కుళ్ళు పైకి పాకుతోందట. ముందు వేళ్ళు తీశారు. వారం తర్వాత మడమ కూడా నిలవదన్నారు. ఆ తర్వాత మోకాలి కింద వరకు. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకుని సంతకానికి తల వంచాం. మా మరిది చెన్నై నుంచి వచ్చేసరికి కాలు లేదు. అతను మంచం కోడు పట్టుకుని దుప్పటి పల్లంగా ఉన్న చోటే చూస్తూ నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటాడేమోనని రెండు రోజులు కాచుకుని కూర్చున్నాను. అని ఉంటే బాగుండేది.

మత్తు దిగాక ఆమె నన్ను అడిగిన మొదటి మాట: "అప్పా, ఉభాలు అయిపోనాయా?"

"ఇంకా కొంచెం ఉన్నాదే."

"ఆకు ముదిరిపోతాది. ఇక్కడ కూకుని ఏటి సేస్తావు? ఎల్లు."

బయటికి వచ్చి వరండాలో స్తంభానికి తల కొట్టుకుని ఏడ్చాను. పక్క మంచాల వాళ్ళు వచ్చి ఎవరు పోయారని అడిగారు.

ఆ ఏడు పంట పండింది. నా కడుపు మండింది అందుకే. మడి ఎండిపోయి ఉంటే, చేలు పసుపుబారి చచ్చిపోయి ఉంటే నాకు కొంత నిమ్మళంగా ఉండేది. మొదటి ట్రాక్టరు మట్టి నిజంగా మంచి మట్టి. అది పడిన చోట చేను, పక్క మడుల వాళ్ళు వచ్చి చూసేంత నల్లగా లేచింది. ఆ బియ్యమే ఏడాదంతా తిన్నాం. ఆమె కూడా తింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. మా ఆయన ఒకరోజు బొబ్బిలి సంతకు వెళ్ళి, ఇసక జల్లించే పెద్ద ఇనప జల్లెడ ఒకటి సైకిలుకి కట్టుకుని తెచ్చాడు. గోడకి ఆనించి, నా వైపు చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆయన నాకు పెట్టిన శిక్ష అదొక్కటే. మర్నాటి నుంచి ఇద్దరం మడిలో జానెడు లోతు మట్టి తవ్వి జల్లించడం మొదలుపెట్టాం. ఎకరమంతా కాదు, ఏడు ట్రాక్టర్లు పోసిన మేర. ఆ మేరకే మూడు నెలలు పట్టింది.

మొదలుపెట్టిన నాలుగో రోజు నా తోటికోడలు చంకకర్రతో గోర్జి వెంట కుంటుకుంటూ వచ్చింది. ఎవరో శిబిరం పెట్టి ఇచ్చిన కృత్రిమ కాలు ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. బరువట, రాచుకుంటుందట. చంకకర్రే ఆమెకి నచ్చింది. "మీ మరిది కంటే ఇదే నయమప్పా, పక్కనే ఉంటాది," అని అప్పటికీ పరాచికాలాడేది. ప్లాస్టిక్ స్టూలు గట్టు మీద వేయించుకుని కూర్చుంది.

"జల్లెడలో మిగిలింది నా ముందు పొయ్యి. నేను ఏరతాను."

"వద్దే, సేతులు తెగుతాయి."

"సేతులకి నొప్పి తెలుస్తాదిలే," అంది.

ఆమె ఏరేది. నాలుగు తట్టలు పెట్టుకుంది. ఇటుక ముక్కలు ఒక దాంట్లో, అవి కళ్ళంలో గడ్డివాము కిందకి పనికొచ్చాయి. రాళ్ళు ఒక దాంట్లో, గట్టు తెగిన చోట వేసుకున్నాం. వైర్లు, ఇనప మేకులు ఒక దాంట్లో, పాత సామాన్ల వాడు తీసుకున్నాడు. గాజూ టైల్సూ కలిపి సిమెంటు సంచుల్లో కట్టి మూతి కుట్టాం. రోజుల తరబడి ఏరేసరికి ఆ ఇల్లంతా ఆమెకి తెలిసిపోయింది. నీలం రంగు పెచ్చు కనపడితే, "ఇది ముందరి గది," అనేది. పసుపు మరకలున్న టైల్ దొరికితే, "వంటిల్లు," అనేది. ఒక పెచ్చు మీద అడ్డంగా పెన్సిలు గీతలున్నాయి, పిల్లల పొడుగు కొలుచుకున్నట్టు. దాన్ని కాసేపు పట్టుకుని పక్కన పెట్టింది.

నాకు విసుగొచ్చింది. "ఎవులిదో ఇంటి గొడవ మనకెందుకే? ఏరీసి తట్టలో పడీ."

"తెలియాలి కాదేటి అప్పా," అంది తల ఎత్తకుండా. "నా కాలు ఏ గదిలో పోనాదో."

నీలం పువ్వు అంచున్న టైల్ ముక్కలు ఆమె విడిగా పెట్టుకుంటోందని అప్పుడు గమనించాను.

అన్నీ ఏరగా మిగిలింది బూడిద రంగు దిబ్బ. సిమెంటు పెళ్ళలు, పుట్టీ పొడి, తెల్ల షీట్ల పొట్టు, జల్లెడ కన్నాల్లోంచి జారిన సన్న గాజు నలుసులు, వాటితో కలిసిపోయిన మట్టి. దాన్ని విడదీసే జల్లెడ లేదు. గోర్జి పక్కన, గట్టు మీద గుట్టగా పోశాం. మనిషెత్తు అయింది. దాన్ని ఎక్కడ వెయ్యాలో కనుక్కోవడానికి మా ఆయన తిరిగాడు. ఊళ్ళో ఆఫీసులో, మీ పొలంలో మీరే పోయించుకున్నారు కదా అన్నారు. టౌన్లో ఆఫీసులో, మా హద్దు దాటి పోయింది కదా అన్నారు. పెద్ద నగరాల్లో ఇలాంటి గోడ ముక్కల్ని పొడి చేసి మళ్ళీ ఇటుకలు పోసే మిల్లులుంటాయని అక్కడొకాయన చెప్పాడట. అక్కడికి తోలడానికి దారేదో ఆయనకీ తెలియదు. ఎవరికీ చెందని దిబ్బ మా గట్టు మీద అలాగే ఉండిపోయింది. పొద్దున్న లేచి తలుపు తీస్తే అదే కనపడేది. ఇంటికి వచ్చిన చుట్టాలు, ఇదేంటని అడిగేవారు. ప్రతివాళ్ళకీ నేనే చెప్పుకోవాలి.

ఈ ఏడు తొలకరికి ఆ దిబ్బ మీద తోటకూర మొలిచింది. ఎక్కడా లేని తోటకూర, నడుము ఎత్తున, ఏపుగా, కాడలు ఎర్రగా. దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూసేవాళ్ళు. మేం ఒక్క ఆకు తుంచలేదు.

ఒకరోజు ఉదయం అదే ట్రాక్టరు అబ్బాయి వచ్చాడు. ఆ సంగతి జరిగాక మా గోర్జిలోకి రావడం మానేశాడు, ఎదురుపడితే తల దించుకుని పోయేవాడు. ఇప్పుడు ఖాళీ ట్రక్కు తెచ్చి దిబ్బ పక్కన ఆపాడు. నా తోటికోడలు కొంచెం అవతల స్టూలు మీద కూర్చుని, ఆ మధ్య దున్నినప్పుడు పైకి తేలిన పెంకులు ఏరుతోంది. ఎంత జల్లించినా ఏటా కొన్ని తేలుతాయి.

అతను ఆమె వైపు చూడకుండా నాతోనే గొంతు తగ్గించి మాట్లాడాడు. "వదినా, ఈ దిబ్బ ఎత్తీమంటావా? పక్కూరోళ్ళు అడుగుతన్నారు. రోడ్డు మీంచి సూసినారంట, తోటకూర ఇంతెత్తు లేసినాదంట, మంచి పాటిమట్టంట. ఆకుమడిలో ఏసుకుంటారంట. రెండు రోజుల్లో మొత్తం తోలీస్తాను. నీకీ పీడ వదిలిపోతాది."

నేను దిబ్బ వైపు చూశాను. అది లేని గట్టు ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళకి కట్టింది. తలుపు తీస్తే చేను, చేను అవతల గెడ్డ, అంతే. ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. పక్క ఊరి వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళు జల్లించుకుంటారులే అని మనసులో ఒక మాట కూడా సిద్ధం చేసేసుకున్నాను. ఇదంతా రెప్పపాటులో జరిగింది. తల ఊపాను.

అతను ట్రక్కులోంచి పార తీశాడు.

"ఒరే, ఆగు." నా తోటికోడలు స్టూలు మీంచి లేవలేదు, గొంతు పెంచలేదు. "ఆళ్ళ ఊర్లో ఆ మడిలో ఉభాలకి దిగీది ఎవులో కనుక్కుని రా. ఆ మనిషిని ఇక్కడికి తీసుకొచ్చి నాకు సూపించు. అప్పుడెత్తుదువు."

అతను పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె చీర కుచ్చిళ్ళ కింద ఒక్క పాదమే నేల మీద ఆని ఉంది. అతని చూపు అక్కడ పడింది, మళ్ళీ పైకి లేవలేదు. పార ట్రక్కులో వేసి, బండి తిప్పుకుని ఖాళీగా వెళ్ళిపోయాడు.

ఆమె మళ్ళీ వంగి పెంకులు ఏరుతోంది. నేను ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. నా వైపు చూడకుండానే, తట్టలో ఒక పెంకు వేస్తూ అంది.

"నువ్వు తలూపినావప్పా."

కాలు పోయిన ఈ రెండేళ్ళలో ఆమె నన్ను అన్న మాట అదొక్కటే.